గిటారుకు గొంతెందుకు చాలదు?

స్టేజీ మీద డ్రమ్స్ ధనధనా మోగుతుంటాయి. కీబోర్డు కుర్రాడు రెండు చేతులా దంచేస్తుంటాడు. గాయకుడు మైకుని మింగేస్తాడా అన్నంత దగ్గరగా పెట్టుకుని పాడేస్తుంటాడు. ఓ మూల గిటారు వాయించే అబ్బాయి కూడా చెమటలు కక్కుతూ వాయిస్తూనే ఉంటాడు. ఆ సంగతి అతని వేళ్లు చూస్తే తెలుస్తుంది గాని, మన చెవులకు మాత్రం తెలియదు!

సూర్యాపేటలో వినాయక చవితి పందిరి కానివ్వండి, కోదాడలో కాలేజీ వార్షికోత్సవం కానివ్వండి, మిర్యాలగూడలో క్రిస్మస్ కార్యక్రమం కానివ్వండి, గిటారు కుర్రాళ్ల గోడు ఒక్కటే. "సార్, మా యాంపు గొంతు లేస్తలేదు. లోపల స్పీకరు మారిస్తే సౌండ్ పెరుగుతుందా? ఏ స్పీకరు వెయ్యమంటారు?"

జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే: పెరుగుతుంది. కాని అట్టపెట్టె మీద పెద్ద అంకె చూసి కొంటే మాత్రం పెరగదు. ఖర్మ కాలితే ఉన్నది కూడా తగ్గుతుంది! నలుగురు స్నేహితులు చందాలేసుకుని కూడబెట్టిన డబ్బు అలా గంగపాలు కాకూడదనే ఈ వారం ఈ సంగతి ఎత్తుకున్నాం.

సినిమా పత్రికలో ఈ రిపేరు గొడవేమిటని ముక్కున వేలేసుకోకండి. స్పీకరు కథ మొదటి నుంచీ సినిమా కథతో ముడిపడే ఉంది.

టాకీ నేర్పిన పాఠం

1932 ఫిబ్రవరి 6న 'భక్త ప్రహ్లాద' విడుదలై మన వెండితెర తెలుగులో నోరు విప్పింది. ఆ కాలపు సినిమా హాళ్లలో యాంప్లిఫయర్ల బలం ఎంతనుకున్నారు? మహా అయితే కొద్ది పదుల వాట్లు. ఇవాళ ఓ పెళ్లి డీజే కుర్రాడికి చెబితే పకపకా నవ్వుతాడు. మరి ఆ కాస్త కరెంటుతోనే వందల మంది ప్రేక్షకులకు వెనక బెంచీ దాకా మాటా పాటా ఎలా వినిపించాయి?

కిటుకంతా స్పీకర్లో ఉంది. తెర వెనక పెద్ద పెద్ద గొట్టాల స్పీకర్లు పెట్టేవారు. ఇచ్చిన కొద్ది కరెంటునీ వృథా చెయ్యకుండా అవి శబ్దంగా మార్చేవి. హాలీవుడ్‌లో ఎం.జి.ఎం. స్టూడియో వారు 1930లలో తయారు చేయించిన 'షియరర్ హార్న్' అనే థియేటర్ స్పీకరుకు ఏకంగా ఆస్కార్ వారి సాంకేతిక బహుమతే దక్కింది. తర్వాత 1940ల నడుమ ఆల్టెక్ లాన్సింగ్ కంపెనీ తెచ్చిన 'వాయిస్ ఆఫ్ ది థియేటర్' స్పీకర్లదీ ఇదే సూత్రం.

అంత దూరం ఎందుకు? మన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర జరుగుతుందా! డప్పులు, భేరీలు హోరెత్తుతున్నా, తప్పిపోయిన పిల్లల పేర్లు పిలిచే గొట్టం మైకు మాట ఎంత దూరమైనా ఖణీమని వినిపిస్తుంది. ఆ గొట్టం వెనక ఉండే యూనిట్ బుల్లిది. గొంతు మాత్రం బండది. గొప్పదనం కరెంటుది కాదు, గొట్టానిది.

దీన్ని బట్టి తేలిన నీతి: గొంతు పెంచాలంటే యాంప్లిఫయరు ఒక్కటే దారి కాదు, స్పీకరు కూడా దారే. చాలాసార్లు చవకైన దారి కూడా అదే.

రికార్డులో అలా, స్టేజీ మీద ఇలా

మన కుర్రాళ్ల బాధకి ఇంకో కారణం కూడా ఉంది. 1973లో హిందీ 'యాదోంకీ బారాత్', 1975లో దాని తెలుగు రూపం 'అన్నదమ్ముల అనుబంధం' వచ్చినప్పటి నుంచీ మన కుర్రకారుకి గిటారు పిచ్చి పట్టింది. ఇళయరాజా గారు స్వతహాగా గిటారు వాద్యకారులు కావడంతో ఆయన పాటల్లో దానికి పెద్దపీట దక్కింది. 1999లో 'తమ్ముడు' పాటలతో రమణ గోగుల ఆ మోజుని మరో తరానికి అంటించారు. ఈ పాటలన్నిటిలో గిటారు ఎంత స్పష్టంగా, ఎంత దర్జాగా వినిపిస్తుందో!

కాని అది స్టూడియో మహత్యం, నాయనా. అక్కడ గిటారు ఎంత మెల్లగా వాయించినా, రికార్డిస్టు తన ముందున్న మీట పైకి జరిపితే చాలు, అది డ్రమ్స్ నెత్తినెక్కి కూర్చుంటుంది. స్టేజీ మీద ఆ మీట లేదు. డ్రమ్స్ వాయించేవాడికి మైకు లేకపోయినా ఫరవాలేదు, అతని కర్రలే చాలు. గిటారువాడికి మాత్రం తన పెట్టె ఒక్కటే దిక్కు.

వాట్ల మోజు

"30 వాట్ల యాంపు అమ్మేసి 60 వాట్లది కొంటే డబుల్ సౌండ్ వస్తుంది గదా?" అనుకుంటారు చాలామంది. రాదు. మన చెవి లెక్క వేరు. శబ్దాన్ని కొలిచేది డెసిబెల్స్‌లో. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. అంటే 'ఆఁ, కాస్త పెరిగినట్టుంది' అనిపిస్తుంది, అంతే. వినేవాడికి నిజంగా రెండింతలు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. దానికి కావలసింది పదింతల వాట్లు! 30 వాట్ల చోట 300 వాట్లన్నమాట. జేబు సంగతి అలా ఉంచండి, దాన్ని ఆటోలో ఎక్కించడమెలాగో ముందు ఆలోచించండి.

ఇహ స్పీకరు సంగతికి వద్దాం. ప్రతి మంచి స్పీకరు వివరాల కాగితం మీదా 'సెన్సిటివిటీ' అని ఒక అంకె ఉంటుంది. 1 వాటు ఇచ్చి, 1 మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వచ్చాయో చెప్పే అంకె అది. మీరు వెతకవలసింది దాన్నే. చవక యాంపుల్లో వచ్చే స్పీకరు 95 ఉందనుకోండి. దాన్ని తీసి 100 ఉన్నది వేశారనుకోండి. తేడా 5 డెసిబెల్స్. అంటే మీ 30 వాట్ల యాంపు, పాత స్పీకరుతో సుమారు 95 వాట్ల యాంపు ఎంత గొంతు చేసేదో అంత చేస్తుంది. యాంపులో ఒక్క వైరు మార్చకుండానే!

మరి స్పీకరు మీద పెద్దక్షరాలతో రాసి ఉండే వాట్లో? అది స్పీకరు 'ఇచ్చే' సౌండు కాదు, 'భరించే' బరువు. లారీ మీద 'పది టన్నులు' అని రాసినంత మాత్రాన అందులో పది టన్నుల సరుకు ఉన్నట్టు కాదు గదా, ఇదీ అంతే.

నమ్మకం కలగకపోతే ఇంగ్లండు వారి సెలెస్టియన్ స్పీకర్లు చూడండి. వారి 'బ్లూ' అనే స్పీకరు భరించేది 15 వాట్లే, సెన్సిటివిటీ మాత్రం 100. అదే కంపెనీ 'సెవెంటీ ఎయిటీ' 80 వాట్లు భరిస్తుంది, సెన్సిటివిటీ 98. ఒకే యాంపుకు తగిలిస్తే 15 వాట్లదే ఎక్కువ గొంతు చేస్తుంది! ఇంకో తమాషా. 'వింటేజ్ 30' అని మరొకటుంది. పేరులో 30 ఉందని 30 వాట్లనుకునేరు, అది 60 వాట్లు భరిస్తుంది, సెన్సిటివిటీ 100. కనుక పేర్లు చూసి మోసపోకండి. కాగితం చదవండి. సెన్సిటివిటీ ఎంతో చెప్పలేని స్పీకరును, దుకాణదారు ఎంత బంధువైనా సరే, కొనకండి.

పెళ్లికి ముందు జాతకాలు

యాంపుకీ స్పీకరుకీ పెళ్లి చేసేముందు మూడు పొంతనలు చూడాలి.

మొదటిది ఓములు. గిటారు స్పీకర్లు మామూలుగా 4, 8, 16 ఓముల్లో వస్తాయి. మీ యాంపు వెనకో, పాత స్పీకరు మీదో ఆ అంకె రాసి ఉంటుంది. వాల్వు యాంపయితే సరిగ్గా ఆ అంకెకే కట్టుబడండి. ట్రాన్సిస్టరు యాంపయితే, కంపెనీవాడు చెప్పిన అంకె కన్నా తక్కువ ఓములు పొరపాటున కూడా తగిలించకండి, యాంపు కాలిపోతుంది. ఎక్కువ ఓములు పెడితే ప్రమాదం లేదు గాని 8 చోట 16 వేస్తే యాంపు ఇచ్చే పవరు సుమారు సగమవుతుంది. గొంతు పెంచబోయి తగ్గించుకున్నట్టవుతుంది! అంకె చెరిగిపోతే మల్టీమీటరు పెట్టి చూడండి. 8 ఓముల స్పీకరు మీటరు మీద 6, 7 మధ్య చూపిస్తుంది. 4 ఓములది 3 చిల్లర చూపిస్తుంది. 'తక్కువ చూపిస్తోందే, పాడైపోయిందా?' అని కంగారు పడకండి, అది సహజమే.

రెండోది భరించే వాట్లు. ఇది యాంపు వాట్ల కన్నా ఎక్కువే ఉండాలి. డిస్టార్షన్ వేసి గరగరలాడించే అలవాటుంటే ఒకటిన్నర నుంచి రెండింతలు ఉంచుకోండి. 30 వాట్ల యాంపుకి 50, 60 వాట్లు భరించే స్పీకరు క్షేమం. ఇందాకటి 'బ్లూ' ముద్దొచ్చినా, 30 వాట్ల యాంపుకి ఒక్కటే వేస్తే నాలుగు పాటలకు దాని కాయిలు మాడిపోవచ్చు. ప్రసిద్ధి చెందిన 'వాక్స్ ఏసీ30'లో అందుకే అవి రెండుంటాయి.

మూడోది కొలతలు. 10 అంగుళాల కంతలో 12 అంగుళాలది దూరదు. స్పీకరు వెనక అయస్కాంతం లోపలి ట్రాన్స్‌ఫార్మరుకో వాల్వులకో తగలకూడదు. కొనేముందు స్కేలు పెట్టి లోతు కూడా కొలుచుకోండి. ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాకే హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీకో, బెజవాడకో బస్సెక్కండి.

కారు స్పీకరు వద్దు బాబూ!

"అన్నా, కారులో వేసే పెద్ద స్పీకరు ఉంది, అదిరిపోద్ది!" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకండి. కారు స్పీకర్లు, ఇంట్లో పాటలు వినే స్పీకర్లు చిన్న చోటులో లోతైన బాసు పలికించడానికి పుట్టినవి. వాటి కోను బరువు, సెన్సిటివిటీ తక్కువ. పైగా చాలా కారు స్పీకర్లు 4 ఓములవి. మీ 8 ఓముల యాంపుకి తగిలిస్తే యాంపు ప్రాణానికే ముప్పు.

గిటారు స్పీకరు జాతే వేరు. దాని కాగితం కోను పల్చగా, తేలిగ్గా ఉంటుంది. గిటారు లావు తీగ పలికే కింది స్వరం సుమారు 82 హెర్ట్జ్. అంతకన్నా కిందికి దిగవలసిన పని దానికి లేదు. 5,000 హెర్ట్జ్ దాటాక చప్పున చల్లబడుతుంది, అందుకే డిస్టార్షన్ వేసినా కందిరీగల రొదలా కాక పాటలా వినిపిస్తుంది. 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య కాస్త ఉబ్బెత్తుగా పలుకుతుంది. మన చెవి చురుకుగా పనిచేసేది కూడా ఆ ప్రాంతంలోనే. డ్రమ్స్ హోరులోంచి గిటారు దూసుకురావాలంటే కావలసింది ఆ నడిమి స్వరమే. బాసు మీట మొత్తం తిప్పేసి, మిడిల్ మీట సున్నాలో పెట్టి, 'సౌండు చాలడం లేదు' అని ఏడిస్తే స్పీకరేం చేస్తుంది పాపం! ముందు మిడిల్ పెంచి చూడండి. కొందరికి స్పీకరు కొనే అవసరమే ఉండదు.

అకూస్టిక్ గిటారుకి పికప్ పెట్టి వాయించేవారికి మాత్రం ఈ లెక్క వర్తించదు. వారికి పై స్వరాలు కూడా స్పష్టంగా కావాలి గనక మైకు సెట్టు స్పీకరే నయం.

ఒక్కడి కన్నా ఇద్దరు నయం

స్పీకరు మార్చినా చాలకపోతే? యాంపు వెనక 'ఎక్స్‌టెన్షన్ స్పీకరు' అని బొక్క ఉందేమో చూడండి. ఉంటే అటువంటిదే ఇంకో స్పీకరుని చెక్కపెట్టెలో బిగించి పక్కన పెట్టండి. రెండూ కలిసి కోను వైశాల్యం రెట్టింపు చేస్తాయి గనక మరో 3 డెసిబెల్స్ దాకా కలిసొస్తుంది. కాని ఓములు మరిచిపోవద్దు! రెండు 8 ఓముల స్పీకర్లు పక్కపక్కన కలిపితే 4 ఓములవుతుంది, ఒకదాని వెంట ఒకటి కలిపితే 16. మీ యాంపు 4 ఓములు ఒప్పుకుంటేనే మొదటి పద్ధతి.

ప్లస్సు, మైనస్సు కూడా రెండిటికీ ఒకేలా ఉండాలి. లేకపోతే ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, సౌండు చచ్చిపోతుంది. ఒక టార్చి సెల్లు తీసుకుని ఒక్క క్షణం తాకించి చూడండి. సెల్లు ప్లస్సు స్పీకరు ప్లస్సుకు తగిలితే మామూలుగా కోను ముందుకు కదలాలి.

ఒక హెచ్చరిక. స్పీకరు మార్చేటప్పుడు ప్లగ్గు పీకెయ్యండి, యాంపు బోర్డు జోలికి పోకండి. వాల్వు యాంపులో వందల వోల్టులు ఉంటాయి, ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో కాసేపు నిలవ ఉంటాయి. స్పీకరు తగిలించకుండా వాల్వు యాంపుని ఆన్ చేసి వాయించనూ వద్దు, ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. చెయ్యి తిరగనివారు మైకు సెట్ల మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడం ఉత్తమం. మంచి పాత స్పీకరు కాయిలు కాలిపోయి ఉంటే పారెయ్యకండి, రీకోనింగ్ చేసేవారు కొత్త కోను, కొత్త కాయిలు వేసి బతికిస్తారు. కాకపోతే బరువు కోను వేయించుకుంటే గొంతు తగ్గుతుంది, పాతదాని వంటి పల్చటిదే అడగండి.

పైసా ఖర్చు లేని మందు

యాంపుని నేల మీద పెట్టి వాయిస్తుంటారు చాలామంది. స్పీకరు శబ్దం, ముఖ్యంగా పై స్వరాలు, టార్చిలైటు వెలుగులాగా తిన్నగా ముందుకు పోతుంది. నేల మీది యాంపు వాయించేవాడి మోకాళ్లకి వినిపిస్తుంది, ముందు వరుసలో కూర్చున్నవారి చెవులు చిల్లులు పడతాయి. వాయించేవాడు మాత్రం 'వినిపించడం లేదు' అని ఇంకా తిప్పుతాడు! యాంపుని కుర్చీ మీదకెక్కించి, కాస్త వెనక్కి వాల్చి, మీ చెవి వైపు తిప్పండి. సగం జబ్బు అక్కడే కుదురుతుంది.

ఇక ఆరుబయట ఎంత పెద్ద స్పీకరైనా ఒంటరిగా నెగ్గలేదు. బయట దూరం రెట్టింపయినప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గిపోతుంది. 100 సెన్సిటివిటీ స్పీకరుకి 30 వాట్లు పూర్తిగా ఇస్తే 1 మీటరు దగ్గర సుమారు 115 ఉంటుంది. అదే 16 మీటర్లు పోయేసరికి 91. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో 55 వేల పైచిలుకు జనం ముందు బీటిల్స్ వాయించినప్పుడు, వారికోసం వాక్స్ కంపెనీ ప్రత్యేకంగా 100 వాట్ల యాంపులు చేసిచ్చింది. అభిమానుల కేకల ముందు అవి ఏ మూలకూ చాలలేదు! అందుకే పెద్ద మైదానంలో యాంపు ముందు ఒక మైకు పెట్టి, జనానికి వినిపించే పని మైకు సెట్టుకి వదిలెయ్యండి. మీ యాంపు మీకు, మీ డ్రమ్మరుకి వినిపిస్తే చాలు.

చెవులున్నాయి జాగ్రత్త

పైన 115 అన్నాం. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే 'నియాష్' సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ వ్యవధి సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలు, 115 దగ్గర అర నిమిషం కూడా లేదు! ప్రాక్టీసు చేసే చిన్న గదిలో గంటల తరబడి అంత పెంచి వాయిస్తే, స్పీకరు కాయిలు మాడితే కొత్తది వేయొచ్చు గాని, చెవిలో నరాలు మాడితే వాటిని రీకోనింగ్ చేసే మెకానిక్ ఎక్కడా లేడు. కచేరీ అయ్యాక చెవుల్లో గుయ్యిమంటోందంటే అది చెవి రాసిన హెచ్చరిక ఉత్తరం. దూది కాదు, సిసలైన చెవి బిరడాలు కొనుక్కోండి. స్పీకరు ధరలో అదెంత!

ఇంకో సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు కూడదు. రాష్ట్ర ప్రభుత్వం పండగలకి ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. పందిరి పక్కింట్లో పరీక్షలకి చదివే పిల్ల ఉంటుందని గుర్తుంచుకుంటే నిబంధనతో పనే ఉండదు.

చివరగా ఒక్క మాట. 1969లో పాలకొల్లులో పుట్టి, 2014లో కన్నుమూసిన మన మాండలిన్ శ్రీనివాస్ గారిని తలుచుకోండి. మాండలిన్‌ది పీల గొంతు, మీటగానే నాదం ఆరిపోతుంది. ఆయన ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ చేతబట్టి, ఆ చిన్న వాద్యం మీద గమకాలు పలికించి కర్ణాటక సంగీత పెద్దల చేత ఔననిపించుకున్నారు. ఆయన కరెంటుని వాడుకున్నది ఎదుటివాడిని అణచడానికి కాదు, తన స్వరం నిలబడడానికి. మీకూ కావలసింది అంతే గదా! డ్రమ్స్ వాయించేవాడు కాస్త తగ్గి, కీబోర్డువాడు ఒక చెయ్యి దించి, మీరు 100 సెన్సిటివిటీ స్పీకరు పెట్టుకుంటే పాట బతుకుతుంది. ముగ్గురూ పోటీలు పడి పెంచుకుంటూ పోతే, ఆ తర్వాతి పండక్కి నిర్వాహకులు ముగ్గురినీ మానిపించి డీజే డబ్బాలు పెట్టించుకుంటారు. ఇప్పటికే సగం పందిళ్లలో జరుగుతున్నది అదే!

మిడిల్ పెంచండి, యాంపుని కుర్చీ ఎక్కించండి, అప్పటికీ చాలకపోతేనే స్పీకరు. అది కూడా కాగితం చదివి. ఏమంటారు?